88 దగ్గర ఆగిన బరువు: నా ప్రాజెక్టు డైరీ

బరువు తగ్గించే ఆపరేషన్ గురించి ఎవరు మాట్లాడినా మొదటి ఆరు నెలల గురించే మాట్లాడతారు. ఇటు పాత ఫొటో, అటు కొత్త ఫొటో. తగ్గడం నెమ్మదించిన నెలల గురించి రాసేవాళ్లు తక్కువ. మనిషికి తోడు కావలసింది మాత్రం ఆ నెలల్లోనే. పొగిడేవాళ్లు అప్పటికి పొగడటం ఆపేసి ఉంటారు. రోజూ అన్ని మాత్రలు మింగడం విసుగొస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లి కొత్తగా చెప్పేదేముందిలే అనిపిస్తుంది. అందుకే నా రిజిస్టర్‌లోంచి ఎక్కువగా ఆ నెలలవే ఇక్కడ ఎక్కిస్తున్నాను.

ముందు లెక్కలు. వయసు 43, ఎత్తు 160 సెంటీమీటర్లు, ఆపరేషన్ ముందు బరువు 118 కేజీలు, బీఎంఐ (ఎత్తుకు బరువెంతో చెప్పే లెక్క) 46. షుగర్, బీపీ, రాత్రి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ అప్నియా. ఇల్లు హబ్సిగూడ, ఉద్యోగం బేగంపేటలో ఒక ఆఫీసు అకౌంట్స్ సెక్షన్‌లో. సంక్రాంతి వెళ్లిన వారం స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ చేయించుకున్నాను. ఇందులో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుడతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే పట్టే తిండితో పాటు ఆకలి కూడా కొన్ని నెలలు తగ్గుతుంది.

మాఘం

మొదటిసారి బరువు ఆగింది ఇప్పుడే, ఆపరేషనైన మూడు నాలుగు వారాలకే. తాగేవి, జావగా ఉండేవి తప్ప ఇంకేమీ లోపలికి పోవడం లేదు. అయినా మిషన్ మీద అంకె కదలదు. డైటీషియన్‌కి ఫోన్ చేస్తే, "మేడమ్, ఇది దాదాపు అందరికీ వస్తుంది. నీళ్లు తాగుతూ ఉండండి, మిషన్ ఎక్కడం కొంచెం తగ్గించండి" అంది.

కారణం చదివాక మనసు కుదుటపడింది. కాలేయంలోనూ కండల్లోనూ గ్లైకోజెన్ అనే నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గగానే ఆ నిల్వ ఖర్చైపోయి, నీరంతా బయటికి పోతుంది. మొదటి వారాల్లో కేజీలకు కేజీలు దిగడంలో ఈ నీటి వాటా పెద్దదే. ఆ తర్వాత శరీరం నీటిని మళ్లీ సర్దుకుంటుంది. కొవ్వు కరుగుతూనే ఉన్నా కొన్నాళ్లు అంకె మీద కనపడదు. నాకు కొద్ది రోజుల్లో దానంతట అదే కదిలింది. దీని గురించి ఇంతకంటే రాయనవసరం లేదు.

ఆషాఢం

అసలు ఆగుడు ఇది. వారానికోసారి రాసుకున్న అంకెలు ఇలా ఉన్నాయి: 88.2, 87.9, 88.4, 88.1. సికింద్రాబాద్ బోనాలకు బంధువులందరూ వచ్చారు. బోనం ఎత్తుకుని గుడిదాకా నడిచాను. నిరుడు అదే దారిలో ఆటో ఎక్కాను. ఆ సంతోషం సాయంత్రందాకా ఉంది. రాత్రి అందరూ భోజనాలు చేస్తుంటే నా చిన్న గిన్నె చూసి అత్తయ్య అడిగింది: "ఇంత తక్కువ తింటున్నవు కద బిడ్డా, మరి బరువెందుకు ఆగింది?"

ఆమె దెప్పడానికి అడగలేదు, నిజంగా తెలియక అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆ జవాబు కోసమే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరానికి ఎన్ని క్యాలరీలు కావాలో అంచనా వేయడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్ సూత్రం ఒకటి ఉంది. డైటీషియన్లు ఎక్కువగా వాడేది అదే. ఆడవాళ్లకైతే బరువు కేజీల్ని 10తో, ఎత్తు సెంటీమీటర్లని 6.25తో హెచ్చించి కలపాలి. అందులోంచి వయసును 5తో హెచ్చించి తీసేయాలి, ఇంకో 161 తీసేయాలి. 118 కేజీలప్పుడు నాకు 1,804 వచ్చింది. 88 దగ్గర 1,504. కదలకుండా కూర్చుంటేనే రోజుకు 300 క్యాలరీల ఖర్చు తగ్గిపోయింది. నడకలోనూ అంతే. మెట్రో మెట్లెక్కేటప్పుడు ఇప్పుడు 30 కేజీలు తక్కువ మోస్తున్నాను కాబట్టి అక్కడా ఖర్చు తక్కువే. మరోవైపు, మార్చిలో నాలుగు చెంచాలకే నిండిపోయిన పొట్టలో ఇప్పుడు ఒక చిన్న కప్పు పడుతోంది. ఆదాయం కొంచెం పెరిగింది, ఖర్చు బాగా తగ్గింది, రెండూ దగ్గరపడ్డాయి. అకౌంట్స్‌లో పనిచేసేదాన్ని కాబట్టి ఈ లెక్క నాకు ఏ ధైర్యవచనం కంటే ఎక్కువ పనిచేసింది.

సూత్రం చెప్పేదానికంటే కూడా శరీరం ఇంకొంచెం బిగించుకుంటుంది. జీతం తగ్గిన ఇల్లు అడగకుండానే ఖర్చులు కుదించుకున్నట్టు, తిండి తగ్గిన శరీరం తన ఖర్చును తనే కుదించుకుంటుంది. అమెరికాలో 1944-45లో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. యుద్ధం వల్ల ఆకలితో మాడిన జనానికి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం కోసం చేసిన ప్రయోగం అది. 24 వారాలు వాళ్లకు అరకొర తిండి పెట్టారు. వాళ్ల బరువుతో పాటు శరీరాల ఖర్చూ పడిపోయింది, ఒళ్లు చల్లబడింది, నిస్సత్తువ వచ్చింది, ధ్యాసంతా తిండి మీదికే పోయింది. 2016లో కెవిన్ హాల్ బృందం అక్కడి ఒక బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించింది. ఆ బరువున్న మనిషికి ఉండాల్సిన దానికంటే వాళ్ల శరీరాల ఖర్చు రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువగా ఉంది. వాళ్లు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కాదు. స్లీవ్‌లో, బైపాస్‌లో (బైపాస్ అంటే జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుకు కలిపే ఇంకో బరువు ఆపరేషన్) ఆకలి హార్మోన్లు కూడా మారతాయి కాబట్టి మన పరిస్థితి అచ్చంగా అదే కాదు. కానీ శరీరం తనని తాను కాపాడుకునే పద్ధతి మాత్రం ఒకటే. ఇందులో మనిషి సోమరితనం ఎక్కడుందో నాకు కనపడలేదు.

అత్తయ్యకు ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది. "అయితే నీ తప్పు కాదన్నట్టు. మరి ఇప్పుడేం చెయ్యాలె?" అన్నది. ఈ డైరీలో మిగతాదంతా ఆ ప్రశ్నకు జవాబే.

అదే వారంలో ఆర్నెల్ల చెకప్ వచ్చింది. మా వాట్సాప్ గ్రూపులో నాతో పాటే ఆపరేషనైన ఒకాయనకు 45 కేజీలు తగ్గాయని అందరూ అభినందిస్తున్నారు. ఆయన మొదటి బరువు 160 దాటి ఉండేది, పైగా చేయించుకున్నది బైపాస్. ఆ సంగతి తెలిసినా మనసు పోల్చుకోకుండా ఊరుకోదు. సర్జన్ నా ఫైలు తిరగేసి వేరే లెక్క చూపించారు. నా ఎత్తుకు బీఎంఐ 25 అంటే 64 కేజీలు. ఆ లెక్కన మొదట్లో నాకున్న అదనపు బరువు 54. అందులో 30 పోయింది, అంటే దాదాపు 56 శాతం. స్లీవ్ తర్వాత బరువు సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు తగ్గుతుందనీ, మొదటి ఆరు నెలల వేగం ఆ తర్వాత ఎవరికీ ఉండదనీ చెప్పారు. తర్వాత అడిగారు: "మీరు ఈ ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నారమ్మా? మొదటి రోజు నాతో ఏం చెప్పారో గుర్తుందా?"

గుర్తుంది. షుగర్ వల్ల మా నాన్న కాలు తీసేశారు, నాకా గతి పట్టకూడదని చెప్పాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) అప్పుడు 8.4, ఇప్పుడు 5.8. షుగర్ మాత్ర డాక్టరే ఆపించారు. బీపీకి రెండు మాత్రలుండేవి, ఒకటి మిగిలింది. రాత్రి ముక్కుకు మాస్క్ పెట్టుకుని పడుకునే సీప్యాప్ మిషన్, మళ్లీ స్లీప్ స్టడీ చేశాక అవసరం లేదన్నారు. ఈ మూడూ 88 దగ్గర ఆగిన శరీరంలోనే జరిగాయి. ఇంటికొచ్చి రిజిస్టర్ మొదటి పేజీలో ఇవే రాశాను, బరువు కంటే పైన.

శ్రావణం

రిజిస్టర్ గళ్లు మార్చాను. ఇంతకుముందు ఎక్కువగా తేదీ, బరువే ఉండేవి. బరువు ఇప్పుడూ వారానికి ఒక్కసారే. శనివారం పొద్దున, కాఫీ తాగకముందు, ఒకే మిషన్ మీద. దాని పక్కన నాలుగు వారాల సగటు రాస్తాను. ఒక్కరోజు బరువు నీటితో, ఉప్పుతో, నెలసరితో ఇట్టే కేజీ అటూ ఇటూ అవుతుంది. సగటు అలా ఊగదు. 88.2, 87.9 అని చూసి కుంగిపోయిన రోజుల్లో కూడా సగటు మెల్లగా దిగుతూనే ఉందని ఆ గడి నింపాకే తెలిసింది.

రోజువారీ గళ్లు నా చేతిలో ఉన్నవాటికే: ప్రొటీన్, నీళ్లు, మాత్రలు, నడక, బరువులెత్తడం, నిద్ర. నెలకోసారి నడుము కొలత. దర్జీ టేపుతో, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. బరువు ఆగిన ఆషాఢంలో నడుము 104 నుంచి 101 సెంటీమీటర్లకు వచ్చింది. దీనికి ఇంకో సాక్ష్యం మా వీధి దర్జీ దగ్గరుంది. జాకెట్లు బిగించడానికి తీసుకెళ్తే లోపలి కుట్లు విప్పి చూపించాడు. ఉగాదికి వేసిన కుట్టు ఒకటి, దానికి లోపలగా జ్యేష్ఠంలో వేసింది ఇంకొకటి, ఇప్పుడు సుద్దతో మూడో గీత గీస్తున్నాడు. రెండో కుట్టుకీ ఆ గీతకీ మధ్య వేలెడు దూరం ఉంది. "గుడ్డ కోసెయ్యాలా అక్కా, లోపల ఉంచాలా?" అని అడిగాడు. కోసెయ్యమన్నాను.

మాత్రల గడి గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే బరువు ఆగగానే మనిషి మొదట వదిలేసేది వీటినే. స్లీవ్ తర్వాత మల్టీవిటమిన్, బీ12, ఐరన్, క్యాల్షియం, డీ విటమిన్ జీవితాంతం అవసరం. క్యాల్షియం సిట్రేట్ రూపంలో తీసుకోమంటారు. ఆపరేషన్ తర్వాత కడుపులో యాసిడ్ తగ్గుతుంది, సిట్రేట్ ఒంటికి పట్టడానికి యాసిడ్ అవసరం పెద్దగా ఉండదు. రోజుకు 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు, ఒక్కసారే కాకుండా విడతలుగా వేసుకోవాలి. ఐరన్‌కీ క్యాల్షియంకీ మధ్య కనీసం రెండు గంటలుండాలి, లేకపోతే ఒకదాన్ని ఇంకొకటి అడ్డుకుంటుంది. టీ, కాఫీ కూడా ఐరన్‌ని పట్టనివ్వవు. మన ఇళ్లలో పొద్దున లేవగానే టీ, దాంతోపాటే మాత్రలన్నీ. ఈ ఒక్క అలవాటు మార్చడానికి నాకు ఫోన్‌లో మూడు అలారాలు కావాల్సొచ్చాయి.

జుట్టు కూడా ఈ నెలల్లోనే ఊడుతుంది. దువ్వెనకి వచ్చేదాన్ని చూస్తే ఏడుపొచ్చేది. పెద్ద ఆపరేషన్, వేగంగా తగ్గిన బరువు, ఈ రెండిటి దెబ్బకు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లి, మూడు నుంచి ఆరు నెలల మధ్య రాలిపోతాయి. కుదుళ్లు బతికే ఉంటాయి కాబట్టి మళ్లీ మొలుస్తాయి. అయితే ప్రొటీన్, ఐరన్ తక్కువైతే ఈ రాలడం సాగుతూనే ఉంటుంది. నాకు రక్త పరీక్షలో ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, తక్కువగా వచ్చింది, ఐరన్ డోసు పెంచారు. ఈ నెల పాపిట దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు కనపడుతున్నాయి.

ఇంకో విషయం. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవి అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. మా గ్రూపులో బరువు ఆగిన ప్రతివాళ్లూ "ఇంజెక్షన్ వేయించుకుందామా?" అని అడుగుతున్నారు. నేనూ సర్జన్‌ని అడిగాను. ఏడాది తిరగకముందే, బరువు ఇంకా తగ్గుతుండగానే నాకు అవసరం లేదనీ, తర్వాతెప్పుడైనా బాగా పెరిగితే అప్పుడు ఆలోచిద్దామనీ చెప్పారు. అవసరమైనవాళ్లకు అవి మంచి మందులే. గ్రూపులో ఎవరో పెట్టిన డోసు చూసి సొంతంగా కొనుక్కోవడం మాత్రం ప్రమాదం. వాంతులు పట్టుకుని నీళ్లు కూడా నిలవకపోతే, ముందే చిన్నదైన పొట్టతో మనం తట్టుకోలేం.

శ్రావణంలోనే, వంటిల్లు

రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ తినమన్నారు. కప్పెడు కూడా పట్టని పొట్టలో అంత ఎలా పడుతుందన్నదే ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మాకు మెట్రోలో పక్క స్టేషనే. 1918లో కూనూర్‌లో చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు మారింది. మనం తినే 528 ఆహార పదార్థాల్లో ఏం ఎంతుందో కొలిచి 2017లో పట్టికలు వేసింది ఆ సంస్థే. రోజూ దాని గేటు ముందు నుంచి వెళ్తూ కూడా అక్కడ ఇంత పని జరిగిందని ఇన్నేళ్లూ నాకు తెలియదు. ఆ పట్టికలు, ఒక చిన్న వంటింటి తూకం, నా రిజిస్టర్. ఈ మూడిటితో మా వంటలు లెక్కేశాను.

ఇడ్లీ ఒక్కోదానిలో ప్రొటీన్ రెండు గ్రాములే. రెండు ఇడ్లీలతో నా పొట్ట నిండిపోతుంది, చేతికొచ్చేది నాలుగు గ్రాములు. అదే పెసరట్టు చూడండి. పెసల్లో నూటికి సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. 30 గ్రాముల పెసలు రాత్రి నానబెట్టి, పొద్దున అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి బరకగా రుబ్బుతాను. బియ్యం కలపను. పెనం మీద పలచగా పరిచి, పైన చెమ్మ ఆరకముందే ఒక గుడ్డు కొట్టి గరిట వెనకవైపుతో అంచులదాకా తిప్పుతాను. నూనె చెంచాలో సగం. గుడ్డు గట్టిపడ్డాక తిరగేసి అర నిమిషం ఉంచి తీయాలి. ఒక్క అట్టులో 13 గ్రాములు. దాన్ని ఎనిమిది ముక్కలు కోసుకుని ఇరవై నిమిషాలు తింటాను. ఒక్కోరోజు ఆరు ముక్కలకే చాలనిపిస్తుంది, అప్పుడు ఆపేస్తాను.

మధ్యాహ్నం డబ్బాలో ముందు కూర, తర్వాత పప్పు, చివర్న చోటుంటే రెండు చెంచాల అన్నం. ఆదివారాలు మావారు రాంనగర్ మార్కెట్ నుంచి కొర్రమీను తెస్తారు. చేప మెత్తగా ఉంటుంది, కోడి రొమ్ము ముక్కలా గొంతులో పట్టేసినట్టు ఉండదు. శనివారాలు మీల్ మేకర్. ఎండుగా తూచితే అందులో సగం ప్రొటీనే, 20 గ్రాములు నానబెడితే నా ఒక పూటకు సరిపోతుంది. పెరుగును పలచటి గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీస్తే నీరు దిగిపోయి చిక్కటిది మిగులుతుంది. మామూలు పెరుగు కప్పుతో వచ్చే ప్రొటీన్ దీనితో అరకప్పులో వస్తుంది. జీలకర్ర పొడి, కొత్తిమీర వేస్తే మా అబ్బాయి కూడా లాక్కుని తింటాడు.

కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వద్దని పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మామూలు మనుషులకు అది సరైన మాట. కొత్తగా ఆపరేషనై, తిండి లోపలికి పోని నెలల్లో ఉన్నవాళ్లకు డైటీషియన్ పొడి రాసిస్తే అది వేరు, మానెయ్యకూడదు. నాకు మొదటి మూడు నెలలూ అదే ఆధారం.

రిజిస్టర్ ఇంకోటి కూడా బయటపెట్టింది. సాయంత్రం అయిదుకు ఆఫీసు కిందకు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వస్తాయి. ఆషాఢం చివర ఆ గడి రాయడం మొదలుపెట్టాను. బిస్కెట్ చాయ్‌లో ముంచితే పొట్టలో ఆగదు, కరిగి జారిపోతుంది. స్లీవ్ అడ్డుకునేది గట్టి తిండినే. మురుకులు, చిప్స్, బూందీ, ఐస్‌క్రీమ్, అన్నీ ఈ జాతివే. ఎంత తిన్నా "నిండింది" అనే కబురు రాదు. చాయ్ ఉంచాను, చక్కెర సగం చేయించాను. బిస్కెట్ల చోట పిడికెడు వేయించిన శనగలు పెట్టాను. నమిలితేగానీ దిగవు, నమిలేసరికి చాలనిపిస్తుంది. తిన్నాక అరగంటదాకా నీళ్లు తాగకపోవడం కూడా ఇందుకే. నీళ్లు తిండిని తొందరగా కిందికి తోసేస్తాయి.

భాద్రపదం

ఈ నెలంతా కండ మీదే పెట్టాను.

తగ్గే బరువంతా కొవ్వే కాదు, కండ కూడా పోతుంది. కండ పోతే శరీరం ఖర్చు ఇంకా తగ్గి, ఆగిన బరువు ఇంకా గట్టిగా ఆగుతుంది. నడక గుండెకు మంచిది, మనసుకు మరీ మంచిది. ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు నడుస్తుంటే రోజంతా హాయిగా ఉంటుంది. కానీ కండను నిలబెట్టేది బరువులెత్తడమే. సర్జన్ అనుమతి ఎప్పుడో ఇచ్చారు. ఎలా చేయాలో ఫిజియోథెరపిస్ట్ ఒక్కసారి చూపించింది.

సామాను ఇంట్లోదే. చేతుల్లేని కుర్చీ ఒకటి, లీటరు నీళ్ల సీసాలు రెండు, సాగే రబ్బరు బ్యాండ్ ఒకటి, అయిదు కేజీల బియ్యం బస్తా. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవాలి. అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలమన్నది పెద్దవాళ్ల కాళ్ల బలం చూడటానికి డాక్టర్లు పెట్టే పరీక్ష కూడా. గోడకు చేతులానించి పుషప్. బ్యాండ్ తలుపు గొళ్లానికి కట్టి వెనక్కి లాగడం. బియ్యం బస్తాను నేలమీంచి నడుము వంచకుండా, మోకాళ్లు మడిచి ఎత్తడం. వారానికి మూడు రోజులు, అరగంటకు మించకుండా. మొదటి వారం తొడలు పట్టేసి, మెట్రో మెట్లు దిగడానికి రైలింగ్ పట్టుకున్నాను.

ఆ వారం బరువు ముప్పావు కేజీ పెరిగింది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన కండ బాగుచేసుకోవడానికి నీరు పడుతుంది, ఇది మామూలే. సగటు గడి లేకపోతే ఆ శనివారం నాకు చాలా కష్టంగా గడిచేది.

వినాయక చవితి పందిళ్ల హడావుడిలో రెండు మూడు సార్లు తప్పింది. గడి ఖాళీగా వదిలేసి, తర్వాతి రోజు మళ్లీ మొదలుపెట్టాను.

బతుకమ్మ రోజులు

నేలమీద కూర్చుని బతుకమ్మ పేర్చాను. తంగేడు వరసలు, మధ్యలో గునుగు. గంటన్నర కూర్చుని, చెయ్యి నేలకు ఆనించకుండా లేచాను. చూసినవాళ్లకు అదేం పెద్ద విషయం కాదు. 118 కేజీలప్పుడు నేను పూలు టేబుల్ మీద పెట్టుకుని పేర్చేదాన్ని, లేదా పేర్చేవాళ్లను చూస్తూ కుర్చీలో కూర్చునేదాన్ని. ఆ రాత్రి రిజిస్టర్‌లో "నేలమీంచి లేవడం" అని కొత్త గడి గీశాను.

సద్దుల రోజు మలీద ముద్ద, నువ్వుల సద్ది, పెరుగు సద్ది. పండగ పూట వద్దనడం నాకు ఇష్టం లేదు. ముందు ఇంట్లో ఉడికించిన గుడ్డు తిని వెళ్లి, అన్నిట్లోంచి చెంచా చెంచా తీసుకున్నాను. బెల్లం ఎక్కువైతే గుండె దడ, చెమటలు పట్టే డంపింగ్ బైపాస్‌వాళ్లకు ఎక్కువగా వస్తుంది, స్లీవ్‌వాళ్లకూ రావచ్చు. మెల్లగా తిన్నాను కాబట్టి నాకు రాలేదు.

మాటలు తప్పవు. "ముఖం పీక్కుపోయింది, ఇంక చాలు ఆపెయ్యి" అని ఒకావిడ. "ఆపరేషన్ చేయించుకుని కూడా ఇంతేనా?" అని ఇంకొకావిడ, అయిదు నిమిషాల తేడాతో. అత్తయ్యే రెండోవాళ్లకు జవాబిచ్చింది: "షుగర్ గోలీలు బందయినయి, మిషన్ పెట్టుకునుడు బందయింది. ఇంకేం గావాలె?" ఆ మాట నేను చెప్పుకున్నదానికంటే బలంగా వినిపించింది. ఇంట్లో ఒక్క మనిషి లెక్క అర్థం చేసుకుని మన పక్కన నిలబడితే ఎంత బరువు దిగుతుందో మాటల్లో చెప్పలేను. అందుకే ఈ దారిలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లోవాళ్లను కూడా తీసుకెళ్లండి. లెక్కలు వాళ్ల ముందే వెయ్యమనండి.

కార్తీకం

ఈ శనివారం సగటు 82.9. నడుము 95. ఆషాఢం నుంచి లెక్కేస్తే నెలకు కేజీన్నర కూడా పడలేదు. మొదటి నెలల్లో అంత బరువు వారానికి పోయేది. ఇప్పుడు ఈ వేగం చూసి నాకు టెన్షన్ లేదు.

ముందున్న దారి కూడా చదివి పెట్టుకున్నాను. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనం ఒకటి ఉంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనూ చేయించుకోనివాళ్లనూ ఏళ్ల తరబడి వెంబడించి చూసింది. అందులో బరువు అన్నిటికంటే తక్కువకు దిగింది మొదటి ఒకటి రెండేళ్లలో. తర్వాత సగటున కొంత తిరిగొచ్చింది. అయినా పదేళ్ల తర్వాత బైపాస్‌వాళ్లు తమ మొదటి బరువు కంటే నాలుగో వంతు తక్కువలో ఉన్నారు. ఆపరేషనైనవాళ్లలో మరణాలు తక్కువని 2007లో ప్రచురించారు. వాళ్లకు చేసిన ఆపరేషన్లలో స్లీవ్ లేదు కాబట్టి అందులో నాలాంటివాళ్లు లేరు. అయినా కొంత తిరిగిరావడం మామూలేనని ముందే తెలిసి ఉంటే, రేపు రెండు కేజీలు పెరిగినప్పుడు అంతా అయిపోయిందని రిజిస్టర్ మూసెయ్యను.

మా పక్క బ్లాకులో ఒక అమ్మాయికి దసరా వెళ్లాక స్లీవ్ అయింది. మొన్న రాత్రి ఫోన్: "అక్కా, వారం నుంచి గ్రాము కూడా తగ్గలేదు. కుట్లేమైనా తేడా వచ్చాయంటావా?" ఏడుస్తోంది. ముందు నొప్పి, జ్వరం, వాంతులున్నాయా అని అడిగాను. ఏమీ లేవంది. పొద్దున హాస్పిటల్‌కి ఒక్క ఫోన్ చెయ్యమని చెప్పి, మాఘం పేజీ ఫొటో తీసి పంపాను. ఆదివారం తనొస్తే ఇద్దరం కలిసి తనకొక రిజిస్టర్‌కు గళ్లు గీస్తాం.

వచ్చే నెలల పని: ఏడాది రక్త పరీక్షలు, అంటే బీ12, ఫెరిటిన్, డీ విటమిన్, క్యాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోను, హెచ్‌బీఏ1సీ, కాలేయం. వేగంగా తగ్గినవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం ఉంటుంది. దానికోసం ఆరు నెలలు వేసుకున్న మాత్ర అయిపోయింది కాబట్టి స్కానింగ్ అవసరమా అని అడగాలి. బియ్యం బస్తా పదికేజీలది చెయ్యాలి. వనభోజనాలకు మా సెక్షన్ వాళ్లు సంజీవయ్య పార్కు అనుకుంటున్నారు. గుగ్గిళ్లు, చిక్కటి పెరుగు పచ్చడి నా వంతు.